ఊపిరి లెక్క నేర్చిన దవాఖాన

2020 ఫిబ్రవరి మొదటి వారంలో ఓరుగల్లు దారులన్నీ మేడారం వైపే నడిచాయి. 5 నుంచి 8వ తేదీ దాకా సమ్మక్క సారలమ్మ జాతర. కాజీపేట స్టేషన్లో దిగినవాళ్లు, హైదరాబాద్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు మా సుబేదారి మీదుగా హన్మకొండ చేరి ములుగు రోడ్డెక్కేవారు. నెత్తిన బెల్లం బుట్టలు, చంకన పిల్లలు, మెడలో పసుపు కండువాలు. జాతరలో బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. ఆ బంగారం పట్టుకుని గద్దెల దగ్గర భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డ లక్షల మందిలో ఒక్కరికైనా తోచలేదు, ఇంకో నెల తిరిగేసరికి పక్కవాడి ఊపిరికి భయపడే రోజు వస్తుందని.

మార్చి 2న తెలంగాణలో తొలి కొవిడ్ కేసు బయటపడింది. 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రమంతా లాక్‌డౌన్ ప్రకటన. తెల్లారితే కలెక్టరేటుకు వచ్చేవాళ్లతో, ఆర్ట్స్ కాలేజీ పిల్లలతో కిటకిటలాడే సుబేదారి రోడ్డు మీద అంబులెన్స్ కూత తప్ప మరో చప్పుడు లేదు. ఆ కూతలు సాగిపోయేది ఒక్క దిక్కుకే. ఎంజీఎంకు.

ఎంజీఎం అంటే మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. మా వైపు జనం నోట అది పెద్ద దవాఖాన. వెయ్యి పడకలు. ములుగు అడవిలో పాము కరిచినా, మానుకోట తండాలో కాన్పు కష్టమైనా, జనగామ రోడ్డు మీద బండి బోల్తా పడినా చివరికి చేరేది ఇక్కడికే. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి ఇదే బోధనాసుపత్రి. బోధనాసుపత్రిలో ఒకే మంచం దగ్గర రెండు పనులు జరుగుతాయి. ప్రొఫెసర్ రోగి పొట్ట నొక్కి చూస్తుంటే, చుట్టూ పీజీలు, హౌస్ సర్జన్లు, ఆ వెనక మునివేళ్ల మీద నిలబడి తొంగిచూసే విద్యార్థులు. వైద్యమూ చదువూ ఆ గుంపులోనే పుడతాయి. కొత్త జబ్బు మొట్టమొదట విడగొట్టింది ఆ గుంపునే.

ఇక్కడి నుంచి మొదలైన ఏడాదిన్నర కథ ఇది. కొత్త మందొకటి కనిపెట్టి గెలిచిన కథ కాదు. ఎక్కడెక్కడో, ఎప్పుడెప్పుడో ఎవరెవరో కష్టపడి సంపాదించిపెట్టిన చిన్న చిన్న ఎరుకలు దశాబ్దాలు దాటి మన మంచాల దాకా నడిచొచ్చిన కథ.

మొదటి చిక్కుముడి చాలా మామూలు ప్రశ్న. ఈ మనిషికి వచ్చింది కరోనానా, మామూలు జ్వరమా? చూస్తే తెలియదు. స్టెతస్కోపు చెప్పదు. ముక్కులో, గొంతులో పుల్ల తిప్పి తీసిన నమూనాను పరీక్షించాలి. రాష్ట్రంలో తొలి కేసును ఖరారు చేసింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. తర్వాత హైదరాబాద్ గాంధీలో పరీక్షలు ఊపందుకున్నాయి. వరంగల్ నమూనా మాత్రం మంచుపెట్టెలో కూర్చుని నూటనలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సిందే. ఫలితం వచ్చేదాకా రోగి అనుమానితుడు. ఉందో లేదో తెలియనివాళ్లను ఎక్కడ ఉంచాలి? ఉన్నవాళ్లతో కలిపితే లేనివాళ్లకు అంటుతుంది. విడిగా ఉంచితే గదులు చాలవు. ఆలస్యమైన ప్రతి పూటా ఒక పడకను మింగేది.

ఆ ముడి విప్పింది కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని వైరాలజీ ప్రయోగశాల. భారత వైద్య పరిశోధన మండలి అనుమతితో ఆర్‌టీపీసీఆర్ పరీక్షలు వరంగల్‌లోనే మొదలయ్యాయి. దాంతో నమూనా ప్రయాణం ఊళ్లోనే ముగిసింది.

ఆ పరీక్ష వెనక ఒక వింత కథ ఉంది. 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త రాత్రిపూట కారు నడుపుతూ ఆలోచనలో పడ్డాడు. జన్యుపదార్థంలో మనకు కావలసిన చిన్న ముక్కను ఒకటికి రెండు, రెండుకు నాలుగుగా పెంచుకుంటూ పోతే? ముప్పై సార్లు రెట్టిస్తే ఒక్క ముక్క నూరు కోట్లు దాటుతుంది. కంటికి ఆనని వైరస్ జాడ అప్పుడు యంత్రానికి కనిపిస్తుంది. ఆలోచన బాగుంది, ఆచరణలో అడ్డం తిరిగింది. ప్రతి రెట్టింపుకూ నమూనాను బాగా వేడిచేయాలి. ఆ వేడికి, ముక్కలను కట్టే ఎంజైమ్ చచ్చిపోయేది. ప్రతిసారీ కొత్తగా పోయాల్సి వచ్చేది.

దారి చూపింది వేడినీటి బుగ్గ. 1960లలో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవి శాస్త్రవేత్త అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల్లో, చెయ్యి పెడితే కాలే నీళ్లలో, హాయిగా బతుకుతున్న బాక్టీరియాను కనిపెట్టాడు. అది దేనికి పనికొస్తుందని ఆయన వెతకలేదు. ఆ వేడిలో ప్రాణి ఎలా ఉంటుందన్న ఆసక్తి ఒక్కటే ఆయన్ను నడిపించింది. ఇరవై ఏళ్లకు ఆ బాక్టీరియాలోని ఎంజైమ్, వేడికి చావని ఎంజైమ్, మల్లిస్ పద్ధతికి ప్రాణం పోసింది. మల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. మన ముక్కులో పుల్ల తిప్పిన ప్రతిసారీ ఆ బుగ్గనీటికి మనం కొంత రుణపడ్డాం.

ఎవరికి ఉందో తెలిసింది. రెండో చిక్కుముడి అంతకన్నా గట్టిది. ఉన్నవాళ్లలో ఎవరికి ముప్పు?

న్యుమోనియా ముదిరితే మనిషి ఆయాసపడతాడు, రొప్పుతాడు, మాట తెగుతుంది. వందేళ్లుగా వైద్య విద్యార్థులు నేర్చుకున్న గుర్తులివి. ఈ జబ్బు ఆ గుర్తుల్ని దాచేసింది. మంచం మీద కూర్చుని ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడుతున్న మనిషి రక్తంలో ఆక్సిజన్ ప్రాణం పోయేంతగా తగ్గిపోయి ఉండేది. అడిగితే బాగానే ఉందనేవాడు. కొన్ని గంటల్లో కూలిపోయేవాడు. ప్రపంచమంతటా డాక్టర్లు దీనికి హ్యాపీ హైపాక్సియా అని పేరుపెట్టారు. సంతోషం పేరులోనే ఉంది. దాన్ని ఎదుట చూసినవాళ్లకు ఆ పేరు నోట రావడమే కష్టమైంది.

పైగా డాక్టరు చేతిలోని పాత ఆయుధాలు చాలావరకు మూలపడ్డాయి. తల నుంచి పాదం దాకా పీపీఈ కిట్టు, ముఖాన రెండు పొరల మాస్కు, దాని మీద షీల్డు. చెవికి స్టెతస్కోపు అందదు. కళ్లజోడు మసకబారి మనిషి ముఖం మబ్బులో చందమామలా కనిపిస్తుంది. ఎవరు డాక్టరో, ఎవరు సిస్టరో తెలియక కిట్టు మీద గుండెల దగ్గర మార్కరుతో పేరు రాసుకునేవారు. చెమట కారుతుంటే తుడుచుకునే వీల్లేదు. గంటల తరబడి గుక్కెడు నీళ్లు తాగే వీల్లేదు. అలాంటి స్థితిలో వాళ్లను నడిపించింది బట్టలారేసే క్లిప్పులాంటి చిన్న వస్తువు. వేలికి తగిలిస్తే రెండు అంకెలు చూపే పల్స్ ఆక్సీమీటర్.

దాని పుట్టుక నిండా పట్టుదలా, అదృష్టమూ కలిసి ఉన్నాయి. జపాన్‌లో నిహాన్ కోడెన్ అనే కంపెనీలో తకువో అయోయగి అనే ఇంజినీర్ పనిచేసేవాడు. 1970ల మొదట్లో ఆయన వెతికింది వేరే దాన్ని. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో సూదుల బాధ తగ్గించి కొలవాలని. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా కాంతి పంపి, ఆ రంగు ఎలా పలచబడుతుందో చూసేవాడు. కానీ ప్రతిసారీ ఒక అల్లరి అడ్డుపడేది. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఎగిరిపడేది. అయోయగి ఆ ఎగుడుదిగుడును చెరిపేయాలని పట్టుబట్టాడు. రెండు రకాల కాంతిని వాడి ఒకదాంతో ఒకటి కొట్టివేసే ఉపాయం పన్నాడు. ఉపాయం పనిచేసింది. అయితే రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రం లెక్క మళ్లీ చెడిపోయేది.

ఇంకొకరైతే విసిగి వదిలేసేవారు. ఆయన అక్కడ ఆగి ఆలోచించాడు. ఆక్సిజన్ తగ్గితే లెక్క చెడుతోందంటే, ఆ చెడిన లెక్కలోనే ఆక్సిజన్ ఎంతుందో దాగి ఉన్నట్టే కదా! ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా మెరుస్తుంది, లేని రక్తం ముదురుగా ఉంటుంది. ఎర్ర కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని రెండు రక్తాలూ వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడితో పాటు ఎగిరిపడే కాంతి ధమనుల్లోని రక్తానిదే. అంటే ఇన్నాళ్లూ ఆయన చెరిపేయాలనుకున్న అల్లరే అసలు మాట. 1974లో ఆయన దాన్ని లోకానికి చెప్పాడు. సొంత దేశంలో వెంటనే పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో అమెరికాలోని ఆపరేషన్ థియేటర్లు దాన్ని అక్కున చేర్చుకున్నాయి.

అయోయగి 2020 ఏప్రిల్ 18న, ఎనభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన ఆలోచన ఆ నెలలో ప్రపంచంలోని ప్రతి కొవిడ్ వార్డులో కోట్ల వేళ్ల మీద ఎర్రగా వెలుగుతోంది.

ఆ అంకె వార్డు నడకనే మార్చింది. 94కు తగ్గితే ఆక్సిజన్ గురించి ఆలోచించాలి. 90 దిగితే ఆలస్యం పనికిరాదు. బాగున్నానంటున్న మనిషిని ఆరు నిమిషాలు నడిపించి, అంకె పడిపోతే దాగి ఉన్న ముప్పును ముందే పసిగట్టేవారు. గోళ్ల రంగు, నల్లటి మెహందీ, చల్లబడ్డ వేళ్లు అంకెను తప్పుదోవ పట్టిస్తాయని అందరూ తెలుసుకున్నారు. ముదురు రంగు చర్మం మీద యంత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదముందని ఆ డిసెంబరులో అమెరికా పరిశోధకులు హెచ్చరించారు. కాబట్టి అంకెతో పాటు మనిషినీ చూడాలి. ఇది పాత పాఠమే. కొత్తగా మళ్లీ గుర్తొచ్చింది.

ముప్పు తెలిసింది. ఇప్పుడు చేయాల్సిందేమిటి? ఇక్కడే అన్నిటికన్నా పెద్ద తడబాటు.

మొదటి నెలల్లో అందరి ఆశా మలేరియా మాత్ర మీద. హైడ్రాక్సీక్లోరోక్విన్ వైరస్‌ను ఆపుతుందన్న మాట ఊరూరా పాకింది. జూన్ మొదటి వారంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తమ పెద్ద పరీక్ష రికవరీలో లెక్క చూసి, ఆసుపత్రిలో చేరినవాళ్లకు దానివల్ల మేలు లేదని తేల్చారు. తర్వాతి ఆశ ప్లాస్మా. కోలుకున్నవాళ్ల రక్తంలోని పసుపుపచ్చ ద్రవాన్ని రోగికి ఎక్కిస్తే ప్రతిరక్షకాలు అందుతాయన్నది తర్కం. వందేళ్ల కిందటి ఆలోచన, వినడానికి ఎంతో సబబు. జనం దాతల కోసం ఫోన్లు పట్టుకుని తిరిగారు. మన వైద్య పరిశోధన మండలి దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ప్లాసిడ్ అనే పరీక్ష జరిపి చూస్తే, జబ్బు ముదరడాన్ని గానీ మరణాన్ని గానీ అది తగ్గించలేదని తేలింది. అప్పటికింకా దేశమంతా దాన్నే నమ్ముకున్న రోజులు. నమ్మినదాన్ని తామే పరీక్షకు పెట్టి, కాదని తేలితే కాదని చెప్పిన ఆ డాక్టర్ల నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

గెలుపు అటు నుంచి రాలేదు. మందుల షాపులో ఏళ్లుగా మూలన పడి ఉన్న చవక మందు నుంచి వచ్చింది. 1957లో తయారైన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2020 జూన్ 16న రికవరీ పరీక్ష ఫలితం చెప్పింది. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీదున్న రోగుల మరణాలు మూడోవంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదోవంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు లేదు. జూన్ నెలాఖరుకల్లా మన కేంద్ర ఆరోగ్యశాఖ చికిత్సా పద్ధతిలో అది చేరిపోయింది. ప్రతి జిల్లా ఫార్మసీలో దొరికే మందు. కావలసింది ఎవరికి, ఎప్పుడు, ఎన్ని రోజులు అన్న తెలివిడి మాత్రమే. ఆ తెలివిడి తప్పిన చోట ఏమవుతుందో మరుసటి ఏడాది చూశాం. షుగరును పట్టించుకోకుండా, మోతాదు మీరి స్టెరాయిడ్లు వాడిన చోట నల్ల ఫంగస్ పంజా విసిరింది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయాల్సిన జబ్బుగా ప్రకటించి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దాని చికిత్సకు కేంద్రంగా నిలబెట్టింది.

ఇంకో గెలుపుకు మందు కూడా అక్కరలేదు. రోగిని బోర్లా పడుకోబెట్టడం.

ఆ రోజుల్లో మా వైపు ఏ కొవిడ్ వార్డులోనైనా వినిపించే మాటలివి.

“బాపూ, జర బోర్ల పండుకో.”

“దమ్మాడ్తలేదంటె బోర్ల పండుమంటవేంది బిడ్డా?”

“పండుకోరాదే, పావుగంట చూడు. ఈ నంబర్ ఎట్ల పెర్గుతదో నువ్వే చూద్దువు.”

పెద్దాయన సణుగుతూ తిరుగుతాడు. ఛాతీ కింద ఒక దిండు, కాళ్ల కింద ఒక దిండు. సిస్టర్ ఆయన వేలు పట్టుకుని కూర్చుంటుంది. 86. 87. కొంతసేపు కదలదు. 89. 91. ఆయన ఆ అంకె చదవగలిగినా లేకపోయినా, సిస్టర్ కళ్లలో వెలుగు చూసి తెలుసుకుంటాడు.

ఇంత తేలికైన పనికి దాదాపు నలభై ఏళ్ల పోరాటం వెనక ఉంది. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ముందున్న గుండె బరువూ, వాచి నీరెక్కిన ఊపిరితిత్తి బరువూ ఆ వెనక భాగాన్ని అదిమేస్తాయి. తడిసిన స్పాంజి అడుగు భాగం నలిగిపోయినట్టు. బోర్లా తిప్పితే ఆ భాగం విచ్చుకుంటుంది, గాలి చేరుతుంది. 1976లో ఇద్దరు అమెరికన్లు ఐదుగురు రోగులను తిప్పి చూసి ఆక్సిజన్ పెరిగిందని రాశారు. ఇటలీకి చెందిన లుచానో గాత్తినోని సీటీ స్కాన్లు తీసి కారణాన్ని వెతికాడు. అంతా సిద్ధమని 2001లో పెద్ద పరీక్ష చేస్తే నీళ్లు చల్లినట్టయింది. అంకెలు పెరిగాయి, ప్రాణాలు మాత్రం అదనంగా దక్కలేదు. చాలామంది ఆశ వదులుకున్నారు.

కొందరు వదల్లేదు. లోపం పద్ధతిలో ఉందా, పట్టుదలలో ఉందా అని తరచి చూశారు. అప్పటి పరీక్షలో రోగులు రోజుకు సగటున ఏడు గంటలే బోర్లా ఉన్నారు. ఫ్రాన్స్‌లో క్లోద్ గెరాన్ బృందం బాగా జబ్బుపడ్డవాళ్లనే ఎంచుకుని, ఒక్కో విడత పదహారు గంటలు తిప్పి ఉంచింది. 2013లో ఫలితం వచ్చింది. వెల్లకిలా ఉన్నవాళ్లలో ఇరవై ఎనిమిది రోజుల్లో నూటికి దాదాపు ముప్పైమూడు మంది చనిపోతే, బోర్లా ఉన్నవాళ్లలో పదహారు మందే. మహమ్మారి వచ్చాక వెంటిలేటర్ లేనివాళ్లను, మెలకువగా ఉన్నవాళ్లను కూడా అలా తిప్పడం అలవాటైంది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా నాలుగైదు దిండ్లతో ఎలా పడుకోవాలో బొమ్మలు వేసి పంచింది. ఐసీయూలో పుట్టిన విద్య చాప మీదికి దిగొచ్చింది.

ఈలోగా వరంగల్‌కు తన కష్టాలు తనకున్నాయి. 2020 ఆగస్టు నడుమ కుండపోత వానలు. నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. దూరం దూరం ఉండమని చెప్పిన జనాన్నే పడవల మీద ఒకచోటికి చేర్చాల్సి వచ్చింది. దవాఖానాకు ఒకేసారి రెండు విపత్తులు. కొవిడ్ కోసం వార్డులు విడిగా, దారులు విడిగా చేసుకున్న చోట కాన్పులు, పాముకాట్లు, యాక్సిడెంట్లు ఆగలేదు. మెడికల్ కాలేజీ ఆవరణలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ భవనం గుండె, కిడ్నీ జబ్బుల కోసం తలపెట్టినదే అయినా, ముందుగా కొవిడ్ రోగులకే అక్కరకొచ్చింది.

మరి చదువు? 2019లో దేశమంతా వైద్య విద్యకు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. పుస్తకం కన్నా మంచం దగ్గర నేర్చుకోవడమే ముఖ్యమన్నది దాని సారం. ఆ పద్ధతిలో అడుగుపెట్టిన మొదటి బ్యాచ్ శవపరిచ్ఛేద గదిలో సగం ఏడాది గడిపిందో లేదో, మార్చి నడుమ కాలేజీలు మూతపడ్డాయి. మానవ శరీరాన్ని చేత్తో తాకి నేర్చుకోవాల్సిన పిల్లలు సెల్‌ఫోన్ తెర మీద ధమనుల బొమ్మలు చూశారు. సిగ్నల్ కోసం మేడెక్కి, చెట్టెక్కి పాఠం విన్నవాళ్లున్నారు. ఆ ఆగస్టులోనే మహమ్మారిని ఎదుర్కోవడం అన్న కొత్త అధ్యాయం దేశవ్యాప్తంగా ఎంబీబీఎస్ పాఠాల్లో చేరింది. రాస్తున్నవాళ్లూ చదువుతున్నవాళ్లూ దాని మధ్యలోనే బతుకుతున్నారు. వార్డుల్లో మాత్రం పీజీలు, హౌస్ సర్జన్లు తమ పాఠాన్ని నేరుగా రోగి వేలి కొసన చదివారు.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. హైదరాబాద్ గాంధీలో మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. హైదరాబాద్ శివారులోని జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌ను మొదట మనుషుల మీద పరీక్షించిన చోట్లలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కూడా ఉంది. తెలుగు నేల మీద పుట్టిన టీకా, తెలుగు బోధనాసుపత్రిలో పరీక్షకు నిలిచిన టీకా. గట్టెక్కామనుకున్నాం.

ఏప్రిల్ వచ్చింది. రెండో కెరటం. ఈసారి చిక్కుముడి మందుది కాదు, పరీక్షది కాదు. ఆక్సిజన్‌ది.

లెక్క చూడండి. పెద్ద సిలిండర్లో దాదాపు ఏడువేల లీటర్ల వాయువు పడుతుంది. నిమిషానికి పదిహేను లీటర్లు కావలసిన రోగికి అది ఎనిమిది గంటలు కూడా రాదు. ముక్కు గొట్టాల ద్వారా నిమిషానికి అరవై లీటర్లు తోసే యంత్రం పెడితే రెండు గంటల్లోపే ఖాళీ. ఒక వార్డులో అలాంటివాళ్లు పదిమంది ఉంటే? అందుకే పెద్ద దవాఖానాలకు ద్రవ ఆక్సిజనే దిక్కు. మైనస్ 183 డిగ్రీల చలిలో గాలి నుంచి విడదీసిన ఆ లేతనీలి ద్రవం ఒక్క లీటరు, వాయువుగా మారితే ఎనిమిది వందల లీటర్లు దాటుతుంది. కానీ దాన్ని తెచ్చే ట్యాంకర్లు తక్కువ, తయారయ్యే ఉక్కు కర్మాగారాలు దూరం. ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానంలో ఒడిశాకు పంపారు. వెళ్లేటప్పుడు గాలిలో, నింపుకుని వచ్చేటప్పుడు నేల మీద. మే 2న అంగుల్ నుంచి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు సనత్‌నగర్ చేరింది. ఆ తర్వాత ఆసుపత్రుల ఆవరణల్లో గాలి నుంచే ఆక్సిజన్‌ను వడకట్టే ప్లాంట్లు వెలిశాయి. జియోలైట్ అనే పదార్థం నైట్రోజన్‌ను పట్టేసుకుంటుంది, ఆక్సిజన్ మిగులుతుంది.

అంతకన్నా పెద్ద పాఠం వార్డు లోపల నేర్చుకున్నారు. మంచం పక్కన గోడకు చిన్న నీళ్ల సీసా ఉంటుంది. ఆక్సిజన్ దాని గుండా బుడబుడమని బుడగలు పోతూ తడి పట్టి ముక్కుకు చేరుతుంది. రోగి బాత్రూంకు వెళ్లినప్పుడు ఆ బుడగలు ఆగకపోతే, ఇంకొకరి ఊపిరి గాలిలో కలిసిపోతున్నట్టే. అంకె 94 చేరిన మనిషికి 99 తెప్పించాలని ఫ్లో పెంచితే, పక్క మంచానికి అన్యాయం చేసినట్టే. తిన్నగా బోర్లా పడుకుంటే తగ్గే లీటర్లెన్నో. ఇలా లీటరు లీటరు కూడబెట్టింది డ్యూటీ డాక్టర్లు, సిస్టర్లు, సిలిండర్ దొర్లించే సిబ్బంది. అన్నపు మెతుకు నేల రాలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగిన వాళ్లు ఊపిరి బుడగను కూడా అలాగే చూడటం నేర్చుకున్నారు.

మే 3న ప్రధాని నీట్ పీజీ పరీక్షను వాయిదా వేసి, ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థుల సేవల్నీ పెద్దల పర్యవేక్షణలో వాడుకోవచ్చని ప్రకటించారు. మే మొదటి వారంలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ వెళ్లి జ్వరమున్నవాళ్లను గుర్తించి, అక్కడికక్కడే మందుల కిట్టు చేతిలో పెట్టారు. రోగి పెద్ద దవాఖానకు రావడానికి ముందే జాగ్రత్త ఆయన గుమ్మం దాకా నడిచొచ్చింది.

మే 21న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఎంజీఎం కొవిడ్ వార్డులోకి వెళ్లి రోగులను పలకరించారు. దవాఖాన ఇరుకును చూశాక, ఆ ఇరుగుపొరుగునే ఉన్న నిజాం నాటి సెంట్రల్ జైలును తరలించి ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కట్టాలన్న నిర్ణయం వెలువడింది. ఖైదీలను వేరే జైళ్లకు పంపారు, గోడలు కూల్చారు. సరిగ్గా నెలకు, జూన్ 21న, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. తర్వాత దాన్ని ఇరవై నాలుగు అంతస్తులుగా రూపుదిద్దారు. మనుషుల్ని బంధించిన చోటే మనుషులకు ఊపిరి పోసే చోటు లేవడం ఆ రెండేళ్లలో ఓరుగల్లు చూసిన పెద్ద మార్పు.

అయినా నాకు ఆ ఇరవై నాలుగు అంతస్తుల కన్నా ఇంట్లో అద్దం కింది సొరుగే ఎక్కువ గుర్తొస్తుంది. రెండో కెరటంలో అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నాలుగు గంటలకోసారి ఆమె వేలికి క్లిప్పు పెట్టి నోటుబుక్కులో అంకెలు రాశాను. 96, 95, 93. ఆ 93 పడ్డ రాత్రి డాక్టరు ఫోన్లో చెప్పినట్టు ఆమెను బోర్లా పడుకోబెట్టి, ఛాతీ కింద దిండు పెట్టి, తెల్లవార్లూ పక్కన కూర్చున్నాను. ఎక్కడో టోక్యోలో, లియోన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు దశాబ్దాల కిందట మొదలుపెట్టిన పని ఆ రాత్రి సుబేదారిలోని మా నవారు మంచం దాకా వచ్చి ఆగింది. తెల్లారేసరికి 95.

2022 ఫిబ్రవరిలో మళ్లీ జాతర. మళ్లీ మా రోడ్డు మీద బెల్లం బుట్టలు. అమ్మ బంగారం మొక్కు తీర్చుకోవడానికి సిద్ధమవుతుంటే సొరుగు తెరిచాను. కారిపోకుండా ఆక్సీమీటర్ సెల్లులు తీసి, రబ్బరు బ్యాండుతో దాని నడుముకే కట్టి పెట్టాను. పారేయాలనిపించలేదు. ఆ నోటుబుక్కు కూడా పక్కనే ఉంది. చివరి పేజీలో, నా వంకర రాతలో, 98.